అడుగున ముద్ర కాదు, పూరేకు కొసన తీగ చూడండి

"మా అత్తగారింట్లో నీలి రంగు చైనా పూలకుండీ ఉంది. అడుగున జింగ్‌తాయ్ చక్రవర్తి ముద్ర ఉంది. ఇది నిజంగా అంత పాత పింగాణీయేనా?" అని అడిగారు.

ముందు పింగాణీ అనడం మానండి. అది మట్టి కాదు. రాగి పాత్ర మీద తీగతో గళ్లు కట్టి, వాటిలో రంగు గాజు పొడి నింపి కొలిమిలో కాల్చిన పని. ఇక ముద్ర సంగతి. ఆ చక్రవర్తి పేరున నడిచిన కాలం 1450 నుంచి 1457 వరకే. ఆయన పేరుతోనే ఈ పనిని జింగ్‌తాయ్‌లాన్ అంటారు; లాన్ అంటే నీలం. పేరుకున్న గిరాకీ చూసి తర్వాతి శతాబ్దాల వాళ్లు ఆ ముద్రను ఎడాపెడా వేశారు. ముద్రను నమ్మి డబ్బు పెట్టకండి.

నేను ఉద్యోగరీత్యా రెండేళ్లు బీజింగ్‌లో ఉన్నాను. ఒక చలికాలపు ఆదివారం చిన్న కార్ఖానాలో తీగ వంచే బల్ల దగ్గర సగం రోజు కూర్చున్నాను. యాభై దాటిన ఒకావిడ సూదికొసల పట్టకారుతో బద్దలాంటి రాగి తీగను తామర రేకుగా వంచుతున్నారు. అక్కడ పనితనం తెలిసినవారిని షిఫు అంటారు, నేనూ అలాగే పిలిచాను. తీగ పడుకోకూడదు, అంచు మీద నిలబడాలి. దాన్ని ఒక దుంప నుంచి తీసిన జిగురుతో పాత్రకు అంటిస్తారు. మంటలో జిగురు కాలిపోతుంది, టంకం కరిగి తీగను పట్టుకుంటుంది.

నా చేత కూడా ఒక రేకు వంచించారు. రెండు చివరలూ కలిశాయనే అనుకున్నాను. షిఫు దాన్ని వెలుగుకు ఎత్తి పట్టారు. వెంట్రుకంత సందు! తర్వాత, కాల్చాక పాడైన ఒక పలక తెచ్చి చూపించారు. అలాంటి సందులోంచే ముదురు నీలం తెల్ల రేకులోకి పాకింది. ఆవగింజంత మరక. ఆ పలక మొత్తం పనికిరాకుండా పోయింది.

గాజు పొడి కాలితే కుంగుతుంది. మళ్లీ నింపి మళ్లీ కాల్చాలి, మూడు నాలుగు సార్లు. తర్వాత రాయితో, బొగ్గుతో అరగదీస్తేనే గాజు, తీగ ఒక మట్టానికి వస్తాయి. ఆపైన తీగకు బంగారు పూత. ఇంత పనిని "మన జైపూర్ మీనాపనే కదా" అని తేల్చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీనాపనీ గొప్పదే, కానీ అక్కడ లోహాన్ని గుంటలుగా చెక్కుతారు, ఇక్కడ తీగతో గోడలు లేపుతారు.

చైనాలోనూ దీన్ని చిన్నచూపు చూసినవాళ్లున్నారు. ఇది ఆడవాళ్ల గదులకే తగినది, పండితుల గదికి పనికిరాదని జింగ్‌తాయ్ కాలానికి ముందే, 1388లోనే, త్సావ్ ఝావ్ అనే రచయిత రాశాడు. 1950ల నాటికి ఈ విద్య అంతరించే స్థితికొస్తే, లిన్ హుయీయిన్ అనే వాస్తుశిల్పి క్షయతో బాధపడుతూనే త్సింగ్‌హువా విశ్వవిద్యాలయంలో శిష్యుల చేత కొత్త నమూనాలు గీయించింది. నాకు చక్రవర్తి కన్నా ఆమే ఎక్కువ.

మీ కుండీని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, భూతద్దంతో ఒక్క రేకు కొస చూడండి. లోహపు గీత తెగకుండా సాగి, చివరలు కలిసిన చోటు కనిపిస్తే అది చేతిపని. రంగుతో గీసిన గీతైతే వదిలేయండి. చేతిపనైతే మాత్రం పొడి గుడ్డతోనే తుడవాలి. చింతపండు పెట్టి తోమవద్దని మీ అత్తగారికి ఈరోజే చెప్పండి, బంగారు పూత పోతుంది.