నాన్నకు చర్మ క్యాన్సర్.. పుట్టుమచ్చలున్న నాకూ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 34. మా నాన్నగారికి చిన్నప్పుడు కాలు కాలి పెద్ద మచ్చ పడింది. ఏడాదిగా ఆ మచ్చ మీద పుండు మానడం లేదు. బయాప్సీ చేసి చర్మ క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్ చేయాలట. నా ఒంటి మీద పుట్టుమచ్చలు ఎక్కువ. ఇది వంశపారంపర్యమా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి, ఖమ్మం

సమాధానం: మీ నాన్నగారి జబ్బు పిల్లలకు సంక్రమించే రకం కాదమ్మా. పాత కాలిన మచ్చ పదేపదే చిట్లి, పుండు పడి, మళ్లీ మానుతూ ఉంటే కొన్ని దశాబ్దాలకు అక్కడి కణాలు క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. దీన్ని మార్జొలిన్ అల్సర్ అంటాం. ఏళ్ల తరబడి చీము కారే ఎముక ఇన్ఫెక్షన్ ఉన్నచోట కూడా రావచ్చు. బాధాకరం ఏమిటంటే, చాలామంది ఆయింట్‌మెంట్లు మారుస్తూ నెలలు గడిపేస్తారు. పాత మచ్చ మీద పుండు నెల దాటినా మానకపోతే బయాప్సీ అడగాలి.

నిజంగా వంశంలో వచ్చేవి వేరే ఉన్నాయి. జీరోడెర్మా పిగ్మెంటోసమ్‌లో ఎండవల్ల కణాల డీఎన్‌ఏకి జరిగిన నష్టాన్ని శరీరం సరిచేసుకోలేదు. పసితనంలోనే ముఖం నిండా మచ్చలు, వెలుతురు చూడలేని కళ్లు, చిన్న వయసులోనే క్యాన్సర్లు. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే ఈ జబ్బు వస్తుంది కాబట్టి మేనరికాల్లో అవకాశం ఎక్కువ. పుట్టుకతోనే ఒళ్లంతా తెల్లగా ఉండే ఆల్బినిజం వాళ్లకూ ఎండ శత్రువే. బొల్లి మాత్రం ఇది కాదు, ఆ రెండింటినీ కలపొద్దు. రక్తసంబంధీకుల్లో ఇద్దరు ముగ్గురికి మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) వచ్చి ఉంటే అప్పుడు ఆలోచించాలి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు.

ఇక పుట్టుమచ్చలు. 50కి మించితే ప్రమాదమన్న లెక్క ప్రధానంగా తెల్లజాతివారిది. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ చాలావరకు కాపాడుతుంది. అయితే మనలో మెలనోమా తరచూ అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వస్తుంది. దానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. గాయకుడు బాబ్ మార్లీకి కాలి గోరు కిందే మొదలైంది, 1981లో చనిపోయారు. అందుకే అద్దంలో ముఖం చూసుకున్నంత శ్రద్ధగా అరికాళ్లూ చూసుకోండి. ఉన్న మచ్చ పెరుగుతున్నా, అంచులు వంకరపోయినా, రంగులు కలగలిసినా, రక్తం కారినా చర్మ వైద్యులకు చూపించండి. చాలా గోళ్ల మీద సన్నని నల్ల గీతలుంటే సాధారణంగా భయం లేదు. ఒక్క గోటి గీతే వెడల్పవుతూ, పక్క చర్మం కూడా నల్లబడుతుంటే ఆలస్యం వద్దు.

నాన్నగారి ఆపరేషన్ వాయిదా వేయకండి. క్యాన్సర్ పాకి గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో సర్జన్‌తో పరీక్ష చేయించండి, ఆపరేషన్ తర్వాత కూడా చెకప్‌లు మానొద్దు.