రంగూన్ నుంచి వచ్చిన నీలి పళ్లెం డెల్ఫ్టుదేనా?

ప్రశ్న: రంగూన్‌లో మేస్త్రీగా పనిచేసిన మా తాతగారు 1942లో యుద్ధభయంతో బరంపురం తిరిగివచ్చినప్పుడు ఒక నీలిరంగు పింగాణీ పళ్లెం తెచ్చారు. సంక్రాంతికి అరిసెలు పెట్టడానికి తప్ప దానిని అటక మీది నుంచి దించము. ఈమధ్య మా చుట్టం ఒకరు దానిని చూసి, భీమిలిలో డచ్చివారు ఉండేవారు కనుక ఇది హాలెండులోని డెల్ఫ్ట్ పట్టణంలో చేసిన మూడు వందల ఏళ్లనాటి పళ్లెమే అన్నారు. అడుగున మనిషి తల, సింహం ఒడలు గల బొమ్మ, మాస్ట్రిక్ట్ అనే ఊరిపేరు ఉన్నాయి. ఆయన మాట నిజమేనా?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: మీ పళ్లెం డచ్చివారిదే కాని డెల్ఫ్టుది కాదు. మీరు చెప్పిన స్ఫింక్స్ గుర్తు మాస్ట్రిక్ట్ పట్టణంలోని పెట్రస్ రెగూట్ కర్మాగారానిది. 19వ శతాబ్దం చివరి నుంచి వాడుకలో ఉన్న ఆ గుర్తుతో తయారైన సరుకు ఆసియా రేవులకు విరివిగా వచ్చేది కనుక, మీ తాతగారు దానిని రంగూన్ బజారులోనే కొని ఉండవచ్చు. భీమిలికీ దీనికీ సంబంధం కలపనవసరం లేదు.

డెల్ఫ్ట్ పని వేరు. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వచ్చే చైనా పింగాణీకి హాలెండు సంపన్నులు అలవాటుపడ్డారు. 1644లో మింగ్ రాజ్యం కూలిన తరువాతి కల్లోలంలో ఆ సరుకు రావడం తగ్గిపోగా, డెల్ఫ్టు కుమ్మరులు, బీరు వ్యాపారం క్షీణించి ఖాళీ అయిన బీరు బట్టీల్లో పాత్రలు కాల్చే కొలుములు పెట్టి, దానికి బదులుగా తమ సరుకును అమ్మసాగారు. చైనావారు వాడిన తెల్లమట్టి వారికి లేదు. అందువల్ల మామూలు మట్టితో చేసి ఒకసారి కాల్చిన పాత్రను తగరపు భస్మం కలిసిన పూతలో ముంచి, పాలవంటి ఆ తెలుపుతో మట్టిరంగును కప్పివేసేవారు. ఆరిన పూత పిండిలా ఉండి కుంచె తడిని ఇట్టే పీల్చుకుంటుంది కనుక, ఒకసారి గీసిన గీతను చెరిపి దిద్దడం కుదరదు. అందుకే కాగితం మీద బొమ్మ గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచి, బొగ్గుపొడి మూటతో అద్ది, ఆ చుక్కల వెంట కోబాల్టు నీలంతో గీసేవారు. చుక్కలు పెట్టి ముగ్గు కలిపే మన ఆడవారికి ఈ కిటుకు విడమరచి చెప్పనక్కరలేదు.

నమూనాలు మొదట చైనావే: పూలు, పక్షులు, గోపురాలు. తరువాత గాలిమరలు, ఓడలు, బైబిలు కథలు, ఆటలాడే పిల్లలు వచ్చాయి. నాకు మాత్రం గోడపలకలే ముచ్చటగా తోస్తాయి. ఒక్కొక్క పలక మూలలో ఎద్దుతలనో సాలీడునో పోలిన చిన్న అలంకారం ఉంటుంది. నాలుగు పలకలు ఒకచోట కలిసినప్పుడే ఆ నాలుగు ముక్కలూ ఒక నిండు పువ్వుగా కనబడతాయి.

తేడాను మీరే చూడవచ్చు. పాత డెల్ఫ్ట్ పాత్ర అంచు పెచ్చులూడిన చోట లోపల పసుపుపచ్చని మట్టి కనిపిస్తుంది, నీలపు గీతలలో కుంచె ఒత్తిడి హెచ్చుతగ్గులు తెలుస్తాయి. మీ పళ్లెంలో లోపలి మట్టి కూడా తెల్లగానే ఉంటుంది. బొమ్మను కాగితం నుంచి అచ్చుదింపారు కనుక, అంచు చుట్టూ తీగ సాగినచోట ఎక్కడో ఒకచోట అతుకు సరిగా కలవదు.

అరిసెలు పెట్టుకోండి, పులిహోర మాత్రం వద్దు. పాత మెరుగుపూతలో సీసం ఉండే అవకాశం ఉంది, సన్నని బీటల్లోకి దిగిన పులుపు, పసుపు మరక మళ్లీ పోదు.