భీముడికీ కారు బీమాకీ చుట్టరికం ఉందా?

సందేహం: డాలస్‌లో ఉంటున్నాను. క్రెడిట్ కార్డు బిల్లులు రెండు మూడు సార్లు ఆలస్యంగా కట్టాను, అంతే, ఈసారి కారు భీమా రేటు పెంచేశారు. ప్రమాదం ఒక్కటీ చేయలేదు, నోటీసులో మాత్రం కారణం క్రెడిట్ హిస్టరీ అని ఉంది. నాన్నగారికి 'అప్పుల చరిత్ర' అని చెబితే 'నీకు అప్పులెక్కడివిరా!' అని కంగారుపడ్డారు. సరైన తెలుగు మాట ఏది?

సమాధానం: ముందు ఆ ఒత్తు తీసెయ్యండి బాబూ. భీమా కాదు, బీమా. ఎక్కడ చూసినా భీమా అనే రాస్తున్నారు, భీమసేనుడు గద పట్టుకుని మన కార్లకు కాపలా కాస్తున్నట్టు!

పారశీకంలో 'బీమ్' అంటే భయం. బీమా అందులోంచే పుట్టి ఉర్దూ మీదుగా మనకొచ్చిందని చాలామంది అంటారు, కాదు ఇక్కడ పుట్టిన మాటే అటు వెళ్ళిందనేవాళ్ళూ ఉన్నారు, నేను మొదటి పక్షం. సంస్కృతంలో ఒత్తున్న చోట పారశీకంలో ఒత్తుండదు. మన భ్రాత వాళ్ళకు బిరాదర్, మన బంధం వాళ్ళకు బంద్. అలాగే ఆ బీమ్, మన 'భీ' ధాతువు ఒక తల్లి బిడ్డలే. భీముడంటే భయపడేవాడు కాదు, ఎవరి వలన భయపడతారో వాడు. దీనికోసం పాణిని 'భీమాదయోఽపాదానే' అని ఒక సూత్రమే రాశాడు. మనం 'పులి వలన భయం' అంటామే, ఆ 'వలన' సంగతే అది. కాబట్టి భీమా అని రాసేవాళ్ళు తెలియకుండా చుట్టాల గుమ్మంలోకే వెళ్తున్నారు. అయినా తప్పు తప్పే.

మీ విషయంలో భయం కంపెనీది, భీముడు మీరు! టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో బాకీలు సరిగ్గా కట్టనివాళ్ళ నుంచి క్లెయిములు ఎక్కువ వస్తాయన్న లెక్కతో ప్రీమియం వేస్తారు. 2007లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ లెక్క నిజమేనంది, ఎందుకలా జరుగుతుందో మాత్రం తేల్చలేదు. కాలిఫోర్నియా, హవాయి, మసాచుసెట్స్‌లలో కారు బీమాకు క్రెడిట్ చూడకూడదు. మీకు నోటీసు పంపింది మర్యాదకు కాదు, పంపి తీరాలని 1970 నాటి చట్టం. మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుని చూడండి, తప్పులుంటే దిద్దించుకోవచ్చు.

ఇక మాట సంగతి. క్రెడిట్‌కు లాటిన్ మూలం నమ్మడం. మనకు 'పరపతి' అని చక్కని మాట ఉంది, పల్లెల్లో సహకార పరపతి సంఘాలు ఆ అర్థంలోనివే. ఈ కాలంవాళ్ళు దాన్ని పలుకుబడి చేసి కూర్చోబెట్టారు. ఇప్పుడు 'పరపతి తగ్గి బీమా పెరిగింది' అంటే ఎవరో ఎమ్మెల్యే ఓడిపోయాడనుకుంటారు. చరిత్రకు నడవడి అనే అర్థమూ ఉంది కాబట్టి 'పరపతి చరిత్ర' నాకు నచ్చుతుంది, కానీ అదొక్కటే సరైనదని పట్టుబట్టను. నాన్నగారికి 'బాకీలు కట్టే తీరు' అని చెప్పండి, కంగారు తగ్గుతుంది. క్రెడిట్ హిస్టరీ అనే అన్నా నేను పోట్లాటకు రాను. ఈసారి భీమా అని రాస్తే మాత్రం ఉత్తరం తిప్పి పంపుతాను.