162 ఆటల బేస్‌బాల్ సీజన్‌ని పిల్లాడితో కలిసి చూడటం ఎలాగంటే

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదాని గురించే ఆలోచిస్తున్నాను. "మన టెక్సాస్ జట్టు రేంజర్స్ ఓడిన రోజు వీడు అన్నం తినడం లేదు మావయ్యా. నాకా బేస్‌బాల్ ముక్క అర్థం కాదు. మొత్తానికి మాన్పించేయనా?" అన్నావు. మాన్పించకు అమ్మలూ. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఒకదాని మీద అంత ఇష్టం కలగడం మంచిదే. ఎలా చూడాలో వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఇక్కడ టెక్సాస్‌లోని ఇర్వింగ్‌కి వచ్చిన కొత్తలో నాకూ ఎవరూ చెప్పలేదు. తెలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, అల్లుడికి కూడా చూపించు.

ముందు లెక్క చూడు. మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా ఒక్కో జట్టు 162 ఆటలు ఆడుతుంది. దాదాపు రోజూ ఆటే. ఐపీఎల్ లీగ్ దశలో ఒక జట్టు ఆడేది 14. మనం క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లం. ఇండియా ఓడిన రాత్రి మీ తాతగారింట్లో టీవీ కట్టేసి, ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా భోజనాలు చేసిన సంగతి నీకూ గుర్తుండే ఉంటుంది. అదే మనసుతో బేస్‌బాల్ చూస్తే ఆరు నెలలు తట్టుకోలేం. 2023లో రేంజర్స్ వరల్డ్ సిరీస్, అంటే ఏడింట్లో నాలుగు గెలవాల్సిన ఆఖరి పోటీ, గెలిచారు. ఆ సీజన్‌లో వాళ్లు గెలిచినవి 90, ఓడినవి 72. కప్పు ఎత్తిన జట్టే 72 సార్లు ఓడింది! ఈ రెండు అంకెలూ పెద్దగా రాసి వాడి గది గోడకి అంటించు. ఓడిన రోజు వాడితో మాట్లాడటానికి అంతకంటే మంచి సాయం నీకు దొరకదు.

రోజు లెక్కన చూడొద్దు, సిరీస్ లెక్కన చూడమను. సాధారణంగా ఒక ఊళ్లో ఒకే జట్టుతో వరసగా మూడు రోజులు ఆడతారు. మూడింట్లో రెండు గెలిస్తే ఆ సిరీస్ మనది. ప్రతి సిరీస్‌లోనూ రెండేసి గెలుస్తూ పోతే సీజన్ ఆఖరుకి 108 అవుతాయి, అన్ని గెలిచే జట్లు చాలా అరుదు. కాబట్టి మంగళవారం ఓడితే బుధవారం, గురువారం ఇంకా ఉన్నాయని వాడికి తెలియాలి.

ఆట మొదలయ్యే ముందు ఆ రోజు పిచర్, అంటే బంతి విసిరేవాడు, ఎవరో చూడమను. జట్టులో మామూలుగా ఐదుగురు పిచర్లు వంతులవారీగా ఆట మొదలుపెడతారు. ఇవాళ విసిరినవాడు మళ్లీ ఐదారు రోజుల దాకా రాడు. కాబట్టి జట్టు పేరు ఒకటే అయినా సోమవారం ఉన్న బలం మంగళవారం ఉండకపోవచ్చు. పైగా ఆ చేతులు చాలా సున్నితం. 2023 సీజన్ కోసం జేకబ్ డిగ్రోమ్ అనే గొప్ప పిచర్‌ని ఐదేళ్లకు 18 కోట్ల 50 లక్షల డాలర్లకు తెచ్చుకున్నారు. ఆ ఏడాది అతను ఆరు ఆటలు మాత్రమే మొదలుపెట్టాడు, తర్వాత మోచేతికి ఆపరేషన్. అందరం ఇక ఈ సీజన్ అయిపోయిందనే అనుకున్నాం.

రాత్రి ఆటల సంగతి తల్లిగా నువ్వే చూసుకోవాలి. జట్లని విభాగాలుగా పంచారు. మనం ఉన్న విభాగంలో సియాటిల్, లాస్ ఏంజెలెస్ వైపు జట్లు ఉన్నాయి. అక్కడి టైము మనకంటే రెండు గంటలు వెనక. వాళ్ల ఊళ్లో సాయంత్రం మొదలయ్యే ఆట మన దగ్గర ముగిసేసరికి అర్ధరాత్రి కావొస్తుంది. ఆ ఆటలకి పిల్లాణ్ని కూర్చోబెట్టొద్దు. పొద్దున పాలు తాగేటప్పుడు స్కోరు నువ్వే చెప్పు. ఈ ఆటలో మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్, సమమైతే ఇంకా పొడిగిస్తారు. "ఐదో ఇన్నింగ్స్ దాకా వెనకబడ్డారు, తర్వాత ఏమైందో తెలుసా" అని కథలా చెప్పు. వాడికి అది ఆట చూసినంత ఇష్టంగా ఉంటుంది, నీకూ ఆట దానంతట అదే వచ్చేస్తుంది. కారులో వెళ్లేటప్పుడు రేడియో పెట్టు. ఎరిక్ నడెల్ 1979 నుంచి రేంజర్స్ ఆటలు చెబుతున్నాడు. నాకు ఈ ఆట నేర్పింది ఆయన గొంతే అంటాను. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే ఆ నలభై నిమిషాల్లో, కళ్లతో చూడకుండానే మైదానమంతా కనిపించేది.

ఆట చూస్తుంటే బోర్ కొడుతుందన్నావు. చేతిలో పెన్సిల్ లేకపోతే నాకూ కొడుతుంది. స్కోరు పుస్తకం ఒకటి కొను, మొదట్లో ఇద్దరూ కలిసి రాయండి. మైదానంలో నిలబడే చోటుని బట్టి ఒక్కొక్కరికీ ఒక అంకె ఉంటుంది. బేస్ అంటే పరుగు తీసేవాడు చేరి ఆగే చోటు. పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, వెనక బయటి మైదానంలో ఎడమ నుంచి కుడికి 7, 8, 9. షార్ట్‌స్టాప్ బంతి పట్టి సెకండ్ బేస్‌కి అందించి, అక్కణ్నుంచి ఫస్ట్ బేస్‌కి వెళ్లి ఇద్దరూ అవుటైతే 6-4-3 అని రాస్తారు. కొట్టలేకపోయిన బంతి గానీ, వదిలేసిన మంచి బంతి గానీ స్ట్రైక్. మూడు స్ట్రైకులకి అవుటైతే ఇంగ్లీషు 'కె' అక్షరం. మూడో స్ట్రైక్‌కి బ్యాట్ తిప్పకుండా చూస్తూ నిలబడిపోతే అదే 'కె'ని అటు తిప్పి రాయాలి. పిల్లలకి ఈ తిరగేసిన అక్షరం ఎంత నచ్చుతుందో చెప్పలేను. రాస్తున్నవాడికి ఏడవడానికి తీరిక ఉండదు, తర్వాతి బంతి వచ్చేస్తుంది. ఇప్పుడు పిచర్‌కి టైము కూడా పెట్టారు. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో విసరాలి, అందుకే 2023 నుంచి ఆటలు త్వరగా అవుతున్నాయి.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను, దీని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

2011 అక్టోబరు 27. వరల్డ్ సిరీస్ ఆరో ఆట, సెయింట్ లూయిస్‌లో, ఆ ఊరి జట్టుతోనే. అప్పటికి మూడు గెలిచి ఉన్నాం, ఇంకొకటి గెలిస్తే కప్పు మనదే. తొమ్మిదో ఇన్నింగ్స్, 7-5 ఆధిక్యం, ఇద్దరు అవుట్, రెండు స్ట్రైకులు. ఇంకొక్క స్ట్రైక్. నేను మీ అత్తయ్యని నిద్ర లేపాను, విజయవాడలో మీ అమ్మకి ఫోన్ కలిపాను. అక్కడ పొద్దున్నే. "గెలిచేశామే" అని అంటూ ఉండగానే వాళ్ల డేవిడ్ ఫ్రీస్ కొట్టిన బంతి మన నెల్సన్ క్రూజ్ తల మీదుగా వెళ్లి గోడకి తగిలింది. రెండు పరుగులు, స్కోరు సమం. పదో ఇన్నింగ్స్‌లో మన జాష్ హామిల్టన్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి మళ్లీ రెండు పరుగులు ముందు పెట్టాడు. మళ్లీ ఒక్క స్ట్రైక్ దూరంలో ఉండగా వాళ్లు మళ్లీ సమం చేశారు. పదకొండో ఇన్నింగ్స్‌లో అదే ఫ్రీస్ హోమ్ రన్, 10-9. మర్నాడు ఏడో ఆట కూడా పోయింది.

నేను స్కోరు పుస్తకం అటక మీద పడేశాను. 2012లో ఒక్క ఆట కూడా చూడలేదు. రేంజర్స్ నన్ను మోసం చేసినట్టు బాధపడ్డాను. ఆ ఏడాది మే 8న బాల్టిమోర్‌లో హామిల్టన్ ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్లు కొట్టాడు. మర్నాడు ఆఫీసులో కాఫీ దగ్గర ఒకతను చెబితే విన్నాను. నా జీవితంలో మళ్లీ అలాంటిది చూస్తానో లేదో! అంతకుముందు రోజూ వినేవాణ్నే, ఆ రాత్రి రేడియో కట్టేసి ఇంట్లోనే ఉన్నాను. దాని గురించి ఇప్పటికీ బాధపడుతూనే ఉన్నానమ్మా. మీవాడు అలిగి కూర్చున్నాడని నువ్వు చెప్పగానే నాకు ఆ ఏడాదే గుర్తొచ్చింది. ఒక్క రాత్రి మీది కోపంతో తర్వాతి రోజులు పోగొట్టుకోకుండా వాణ్ని చూసుకో.

2023 కథ వాడికి నువ్వు చెప్పు, నేనూ చెబుతాను. 2021లో ఇదే జట్టు 102 ఆటలు ఓడింది, 2022లో 94. ఆ తర్వాత బ్రూస్ బోచీని మేనేజరుగా తెచ్చారు. 2010 వరల్డ్ సిరీస్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోని నడిపించి మనల్ని ఓడించినది ఆయనే. సీజన్ బాగానే మొదలైంది, ఆగస్టులో వరసగా ఎనిమిది ఓడారు. ఆఖరి రోజు సియాటిల్‌లో గెలిచి ఉంటే విభాగంలో మొదటి స్థానం మనదే, 1-0తో ఓడారు. హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కీ 90 విజయాలే, మనకీ 90. కానీ రెండు జట్లూ తలపడిన 13 ఆటల్లో వాళ్లవి 9, మనవి 4. కాబట్టి విభాగం వాళ్లకి పోయింది. ఎప్పుడో ఎండాకాలంలో వాళ్లతో ఓడిన ఒక్కో ఆటకీ అక్టోబరులో లెక్క చెప్పుకోవాల్సి వచ్చింది. మొదటి స్థానం వచ్చి ఉంటే దొరికే విశ్రాంతి లేకుండా దేశం ఆ చివర నుంచి ఈ చివరకి, ఫ్లోరిడాకి విమానం ఎక్కారు.

అక్కడ నాకౌట్ దశ మొదటి రెండు ఆటలూ గెలిచారు. 101 ఆటలు గెలిచిన బాల్టిమోర్‌ని వరసగా మూడు ఓడించారు. హ్యూస్టన్‌తో ఏడు ఆటలు జరిగితే నాలుగూ వాళ్ల ఊళ్లోనే గెలిచారు, సొంత ఊళ్లో మూడూ ఓడారు. వరల్డ్ సిరీస్ మొదటి ఆట మన సొంత మైదానం ఆర్లింగ్టన్‌లో, అరిజోనాతో. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగులు వెనకబడి ఉంటే కోరీ సీగర్ హోమ్ రన్‌తో సమం చేశాడు, పదకొండో ఇన్నింగ్స్‌లో అడోలిస్ గార్సియా హోమ్ రన్‌తో ముగించాడు. నవంబరు 1న అరిజోనాలో ఐదో ఆట గెలిచి కప్పు తెచ్చారు. ఆ అక్టోబరు, నవంబరుల్లో బయటి ఊళ్లలో పదకొండు ఆడి పదకొండూ గెలిచారు. 1972లో టెక్సాస్ వచ్చిన జట్టుకి అది 52వ సీజన్, మొదటి కప్పు. ఈసారి ఆఖరి అవుట్ అయ్యేదాకా మీ అమ్మకి ఫోన్ చేయలేదు.

స్టేడియానికి తీసుకెళ్లాలంటే ముందు ఆర్లింగ్టన్ వద్దు. మీ ఫ్రిస్కోలోనే రఫ్‌రైడర్స్ ఉన్నారు కదా. రేంజర్స్ తమ కుర్రాళ్లని తయారుచేసుకునే జట్టు అది. టికెట్ తక్కువ, ఇంటికి దగ్గర, నిద్రొస్తే ఏడో ఇన్నింగ్స్‌లో లేచి వచ్చేయొచ్చు. 2023 వేసవిలో ఎవాన్ కార్టర్ అనే కుర్రాడు అక్కడే ఆడుతున్నాడు. సెప్టెంబరులో రేంజర్స్ పైకి పిలిచారు, వరల్డ్ సిరీస్‌కి అతనికి 21 ఏళ్లు. మీవాడు అక్కడ ఒక ఆటగాణ్ని ఎంచుకుని వాడి అంకెలు పుస్తకంలో రాసుకుంటూ రానీ. పైకి వెళ్లిన రోజు సొంత అన్నయ్యకి ఉద్యోగం వచ్చినంత సంబరం పడతాడు. ఆ తర్వాత ఆర్లింగ్టన్‌కి వెళ్దాం. 2020లో కట్టిన కొత్త స్టేడియానికి పైకప్పు ఉంది. జులై ఎండలో పాత స్టేడియంలో మేం పడ్డ అవస్థ వాడికి ఉండదు.

శనివారం సాయంత్రం మీ అత్తయ్యా నేనూ వస్తున్నాం. 2023 స్కోరు పుస్తకం తెస్తాను. ఆఖరి పేజీలో ఆఖరి గడి వాడికి చూపించాలి. అరిజోనా కెటెల్ మార్టే చూస్తూ నిలబడిపోయాడు, మన జాష్ స్బోర్జ్ విసిరిన బంతి మూడో స్ట్రైక్. తిరగేసిన 'కె'. చెయ్యి వణికి గడి దాటి రాశాను. వాడికి కొత్త పుస్తకం కూడా కొన్నాను, రబ్బరున్న పెన్సిళ్లు రెండు నువ్వు సిద్ధంగా ఉంచు.

ఇట్లు,
మావయ్య