‘డౌన్’ వేరు, ‘అవుట్’ వేరు

విజయనగరం.

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నరసన్నపేట దగ్గర హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడానికి చేరావనీ, ఫ్రేజల్ వెర్బులు, అంటే క్రియకు ఓ చిన్నమాట చేరి కొత్త అర్థమిచ్చే మాటలు, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. నువ్వు పంపిన జాబితా చూశాను. ఏ నుంచి జెడ్ దాకా వరుసగా ఉంది. నిఘంటువుకు అది మంచి పద్ధతే, తొమ్మిదో తరగతికి కాదు. దాన్ని పక్కన పెట్టి ఒక్క భావం తీసుకో: ఆపడం, అణచడం, నోరు మూయించడం. కొత్త పంతులమ్మకు అంతకంటే పనికొచ్చే భావం ఏముంటుంది?

ఈ మాటల్లో క్రియ కంటే దాని వెనక వచ్చే చిన్నమాటే ఎక్కువ బరువు మోస్తుంది. ‘డౌన్’ కనబడితే సాధారణంగా పైనున్నవాడు కిందివాణ్ణి అణచివేస్తున్నాడని అర్థం. శ్రీకాకుళం ఏజెన్సీలో 1960ల చివర లేచిన గిరిజన పోరాటాన్ని ప్రభుత్వం పోలీసు బలంతో అణచివేసింది. దానికి ‘పుట్ డౌన్’ సరిపోతుంది. 1975లో ఎమర్జెన్సీ పెట్టి పత్రికలపై సెన్సారు విధించారు. అక్కడ కావలసింది ‘క్లాంప్ డౌన్’. ‘పుట్ డౌన్’ అన్నావంటే పని పూర్తయినట్టే. ‘క్లాంప్ డౌన్’, ‘క్రాక్ డౌన్’ అంటే కఠినంగా పట్టు బిగించారని మాత్రమే. అవతలివాడు లొంగాడో లేదో ఆ మాట చెప్పదు. పైగా ఎవరిమీద అని చెప్పాలంటే ఈ రెండింటి తర్వాతా ‘ఆన్’ రావాలి. పిల్లలు దాన్ని మింగేస్తారు, చూసుకో.

‘షౌట్ డౌన్’కు అధికారం అక్కర్లేదు, గొంతులు చాలు. గ్రామసభలో ఒకాయన లేచి లెక్కలు అడిగితే పదిమంది కేకలు వేసి ఆయన మాట వినబడనివ్వకపోవడం అది. ‘డ్రౌన్ అవుట్’లో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కర్లేదు. మా ఊళ్లో సిరిమానోత్సవం నాడు డప్పుల హోరులో మైకు మాట వినబడకపోతే ఈ మాట వాడవచ్చు.

‘అవుట్’కు ఇంకో ముఖం ఉంది, మిగలకుండా చేయడం. మంటను ఆర్పితే ‘పుట్ అవుట్’. రోగాన్నో దురాచారాన్నో రూపుమాపితే ‘స్టాంప్ అవుట్’. మశూచి లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది కదా, ఉదాహరణకు అది చాలు.

‘ఆఫ్’ దగ్గర పరీక్షలు రాసే పెద్దవాళ్లు కూడా తడబడతారు. తుఫాను హెచ్చరిక వచ్చి ఆటల పోటీని మరో వారానికి జరిపితే ‘పుట్ ఆఫ్’, అసలే రద్దు చేస్తే ‘కాల్ ఆఫ్’. సరఫరా తెగిపోతే ‘కట్ ఆఫ్’. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెలు కరెంటు లేక ఎలా ఉన్నాయో ఇళ్లలో పెద్దవాళ్లను అడిగి రమ్మను. ఈ మాటతో వాళ్లే వాక్యాలు కడతారు.

‘అప్’లో జాగ్రత్త. ‘హష్ అప్’ అంటే పసిబిడ్డను ఊరుకోబెట్టడం అనుకుంటారు. కాదు, కుంభకోణం బయటికి పొక్కకుండా కప్పిపుచ్చడం. బిడ్డకైతే ఒట్టి ‘హష్’ చాలు. బాధను లోపలే దాచుకుంటే ‘బాటిల్ అప్’, ప్రశ్నించగానే బిగుసుకుపోయి పెదవి విప్పకపోతే ‘క్లామ్ అప్’.

వ్యాకరణం ఒక్కటే చెప్పు. ‘షట్ అప్’, ‘పుట్ అవుట్’ లాంటివాటికి సర్వనామం వస్తే మధ్యలో కూర్చోవాలి: ‘షట్ హిమ్ అప్’, ‘పుట్ ఇట్ అవుట్’. ‘క్రాక్ డౌన్ ఆన్’ను మాత్రం విడదీయకూడదు, సర్వనామం చివరే. మిగతా నియమాలు పదో తరగతిలో చూసుకోవచ్చు.

ఇక నువ్వు క్లాసులో ఏమనాలో అడగలేదు గానీ చెబుతాను. ‘షట్ అప్’ పాఠంలో ఉండాలి, నీ నోట ఉండకూడదు. నువ్వు అన్న మర్నాడే పిల్లలు ఒకరినొకరు అంటారు. గోల ఆపమనే ‘పైప్ డౌన్’ కూడా కాస్త మోటే. ఓడల్లో రోజు ముగిసిందని ఈల ఊది నావికులను పడుకోమనే అలవాటు నుంచి వచ్చింది. ఆ కథ చెబితే వింటారు, ఆజ్ఞగా వాడకు. ‘సెటిల్ డౌన్’ అను, లేదా ‘క్వైటెన్ డౌన్’. గొంతు పెంచకుండా అను.

ఒక్కొక్కరిచేత తమ ఊరి సంగతితో రెండేసి వాక్యాలు రాయించు. దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఆ పుస్తకాలు పట్టుకురా, కలిసి దిద్దుదాం.

మావయ్య