ఫోన్ పేచీలు: తెర మసకబారితే ముందు బొటనవేలు చూడండి

ప్రశ్న: మాది మల్కాజిగిరి. రిటైరైన లెక్కల టీచర్‌ని. సాయంత్రం పూట బాల్కనీలో కూర్చుని ఫోన్‌లో వీడియోలు చూడడం అలవాటు. నెల రోజులుగా, వీడియో నడుస్తుండగా తెర దానంతట అదే మసకబారుతోంది. కాసేపటికి మళ్లీ వెలుగుతోంది. వాట్సాప్ చూసుకునేటప్పుడు ఈ గొడవ లేదు, ఫోన్ అడ్డంగా తిప్పినప్పుడే ఎక్కువ. నాలుగు రోజులు నోటుబుక్కులో రాసిపెట్టాను, ఒక రోజైతే గంటలో పదకొండుసార్లు. దగ్గర్లోని రిపేరు షాపులో చూపిస్తే ‘డిస్‌ప్లే పోతోందమ్మా, మార్చాలి, ఆరు వేలవుతుంది’ అన్నారు. ఆండ్రాయిడ్ ఫోన్, కొని రెండేళ్లు. మార్పించమంటారా?

జవాబు: వద్దు టీచరమ్మా. ఆ ఆరు వేలు ప్రస్తుతానికి బీరువాలోనే ఉండనివ్వండి.

పదహారేళ్లు అమీర్‌పేటలో రిపేరు కౌంటర్ నడిపాను. ‘ఎప్పుడవుతోంది?’ అని అడిగితే ‘ఎప్పుడూ అవుతోంది’ అనేవాళ్లే తప్ప, ఇలా లెక్క రాసుకొచ్చినవాళ్లు ఒక్కరూ తగల్లేదు. మీ ఉత్తరంలో ‘అడ్డంగా తిప్పినప్పుడే’ అన్న ముక్క ఉంది చూశారా, నా పని సగం అదే చేసిపెట్టింది.

ఫోన్ పైభాగంలో, సెల్ఫీ కెమెరాకి దగ్గర్లో ఆవగింజంత వెలుతురు సెన్సర్ ఉంటుంది. కొన్ని ఫోన్లలో తెర కిందే ఉంటుంది, కంటికి కనపడదు. చుట్టూ ఎంత వెలుతురుందో అది కొలుస్తుంది, దాన్నిబట్టి ఫోన్ తెర వెలుగు పెంచుతుంది, తగ్గిస్తుంది. నిలువుగా పట్టుకున్నంతసేపూ దానికి ఏదీ అడ్డం రాదు. అడ్డంగా తిప్పారనుకోండి, ఆ పైభాగం వచ్చి ఎడమ చేతిలో పడుతుంది. బొటనవేలు సరిగ్గా అక్కడే ఆనుతుంది. పాపం, సెన్సర్ చీకటి పడిందనుకుంటుంది.

తమాషా ఏమిటంటే, వేలు పెట్టగానే తెర తగ్గదు. వెలుతురు పెరిగితే ఫోన్ త్వరగా స్పందిస్తుంది, తగ్గితే మాత్రం నిజంగానే తగ్గిందా అని కొన్ని సెకన్లు ఆగి చూస్తుంది. అందుకే వేలికీ తెరకీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. ఈలోగా మనం వీడియోలో మునిగిపోయి ఉంటాం.

నేనూ ఇందులో బోల్తా పడ్డవాణ్ణే. 2019లో ఒక కుర్రాడు ఇదే కంప్లైంట్‌తో వస్తే మారుమాట లేకుండా డిస్‌ప్లే మార్చేశాను. మూడో రోజు మళ్లీ వచ్చాడు. కౌంటర్ ముందు నిలబడి ఫోన్ అడ్డంగా తిప్పి క్రికెట్ పెట్టి, ‘చూడన్నా, మళ్లీ అదే’ అన్నాడు. కొత్తగా పెళ్లయినవాడు, వేళ్లకి గోరింటాకు ఇంకా పోలేదు. ఆ ఎర్రటి బొటనవేలు సెల్ఫీ కెమెరా పక్కనే కనపడేసరికి నాకు చెమట పట్టింది. వేలు తియ్యమన్నాను. తెర వెలిగింది. లేబర్ చార్జీ తిరిగిచ్చాను గానీ డిస్‌ప్లే డబ్బులు ఇవ్వలేకపోయాను. మీ షాపు వాళ్లను నేను తిట్టకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు ఒక పరీక్ష. వీడియో నడుస్తుండగా తెర మసకబారగానే పై నుంచి కిందికి లాగండి, బ్రైట్‌నెస్ బార్ కనపడుతుంది. ఆ బార్ దానంతట అదే జరిగిపోయి ఉంటే అది సెన్సర్ పనే. బార్ ఉన్నచోటే ఉండి తెర మాత్రం తగ్గితే కారణం వేరే చోట వెతకాలి. డిస్‌ప్లే మీద అనుమానం ఆ తర్వాతే.

సెన్సర్ పని చేస్తోందో లేదో కంటితో చూడాలంటే, మీది శాంసంగ్ అయితే దారి ఉంది. ఫోన్ చేసే చోట స్టార్, హాష్, సున్నా, స్టార్, హాష్ నొక్కండి. చాలా మోడళ్లలో పరీక్షల పేజీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో సెన్సర్ అన్నది నొక్కితే లైట్ సెన్సర్ పక్కన ఒక అంకె కదులుతూ ఉంటుంది. అది లక్స్, అంటే వెలుతురు కొలత. వేలు అడ్డం పెట్టి తీసి చూడండి. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, ట్యూబ్‌లైటు ఉన్న గది వందల్లోనే. మన కంటికి ఈ తేడా అంతగా తెలియదు, సర్దుకుపోతుంది. ఫోన్‌కి మాత్రం ఎవరో లెక్క అప్పజెప్పినంత ఖచ్చితంగా తెలుస్తుంది.

మీ బాల్కనీ సంగతి కూడా అనుమానించాల్సిందే. ఎదురుగా చెట్టేమైనా ఉందా? సాయంత్రపు ఏటవాలు ఎండలో ఆకుల నీడ ఫోన్ మీద ఆడుతుంటే సెన్సర్‌కి క్షణం తీరిక ఉండదు. ఈ మధ్య టెంపర్డ్ గ్లాస్ మార్పించి ఉంటే అదీ చూడండి. నల్ల అంచు ఉన్న చవక గ్లాసులు కొన్ని సెన్సర్‌ను సగం మూసేస్తాయి. మీరు ‘నెల రోజులుగా’ అన్నారు కాబట్టి నాకు గ్లాసు మీదే ఒక కన్ను ఉంది.

ఇక మందు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే దగ్గర అడాప్టివ్ బ్రైట్‌నెస్ అనో, ఆటో బ్రైట్‌నెస్ అనో ఉంటుంది, ఆపేయండి. ఆపితే ఒక చిక్కు, ఎండలోకి వెళ్లినప్పుడు బార్ మీరే జరుపుకోవాలి. ఆ శ్రమ వద్దనుకుంటే ఆపకండి, ఛార్జింగ్ పిన్ ఉన్న వైపు ఎడమ చేతిలోకి వచ్చేలా ఫోన్ తిప్పి పట్టుకోండి, కుడి చేయి ఖాళీగా ఉంచండి. ఆటో రొటేట్ ఉంటే వీడియో తనే తిరుగుతుంది. ఇంకో మాట, 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి ఈ అడాప్టివ్ బ్రైట్‌నెస్ మన అలవాటు నేర్చుకుంటుంది. ఎంత వెలుతురులో మీరు బార్‌ను ఎక్కడికి జరిపారో గుర్తుపెట్టుకుంటుంది. వేలు అడ్డం ఉండగా విసుగొచ్చి బార్‌ను పైకి తోశారనుకోండి, ‘ఈవిడకి చీకట్లో తెర ఇంత వెలగాలి కాబోలు’ అని పొరపాటు పాఠం నేర్చుకుంటుంది. ఆ తర్వాత రాత్రి మంచం మీద ఫోన్ తీస్తే కళ్లు జిగేల్‌మంటాయి.

బార్ కదలకుండానే తెర మారుతోందా? చీకటి సీన్లు వచ్చినప్పుడే తగ్గితే, కొన్ని ఎల్‌సీడీ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం బొమ్మను బట్టి వెనక లైటు తగ్గిస్తాయి, అది జబ్బు కాదు. వీఎల్‌సీ, ఎంఎక్స్ ప్లేయర్ లాంటి వీడియో ఆప్‌లలో తెర ఎడమ సగంలో వేలు పైకీ కిందికీ రాస్తే వెలుగు మారుతుంది. ఈగను తోలినా మారుతుంది! ఆ ఆప్ సెట్టింగుల్లో జెస్చర్స్ దగ్గర ఆపుకోవచ్చు. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉందేమో కూడా ఒకసారి చూడండి.

ఇవన్నీ చూశాక కూడా అదే తంతైతే, మీ నోటుబుక్కులో పేజీలు ఇంకా ఉంటాయి కదా, రాసి పంపండి.

ప్రశ్న: రోజూ మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ కాలేజీకి మెట్రోలో వెళ్తాను. ఐఫోన్‌లో వీడియో చూస్తుంటే తెర పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆటో బ్రైట్‌నెస్ వెతికాను, లేనే లేదు. ఎండాకాలంలో బార్ ఫుల్లుగా పెట్టినా మసకే. టెన్షన్‌గా ఉంది, ఫోన్ నాన్నది.

జవాబు: నాన్నగారికి చెప్పాల్సినంత ఏమీ లేదు బాబూ. మన మెట్రో దారంతా స్తంభాల మీదే. బయట ఆకాశం, స్టేషన్‌లోకి రాగానే కప్పు కింద నీడ. నీ దారిలో 27 స్టేషన్లు, అంటే సెన్సర్‌కి అన్నిసార్లు పొద్దు పొడుస్తుంది, అన్నిసార్లు గూకుతుంది.

నువ్వు వెతికిన బటన్ డిస్‌ప్లేలో దొరకదు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 (ఐఫోన్ నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి దాన్ని యాక్సెసిబిలిటీలోకి మార్చారు. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్, అందులో అట్టడుగున ఉంటుంది. అంత లోపల పెట్టడం నాకు నచ్చలేదు గానీ, మనల్ని అడిగి పెట్టరుగా.

ఎండాకాలం సంగతి వేరు. ఐఫోన్ వాడేచోట 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని ఆపిలే చెబుతుంది. మే నెలలో మనకి 40 దాటడం కొత్తేమీ కాదు. ఫోన్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి తెర వెలుగు తగ్గించేస్తుంది, అప్పుడు బార్ ఎంత తోసినా లాభం లేదు. ప్లాట్‌ఫాం మీద ఎండలో నిలబడి ఛార్జింగ్ పెట్టుకుంటూ వీడియో చూడకు. కవర్ తీసి కాసేపు జేబులో కాకుండా చేతిలో పట్టుకో, ఏసీ బోగీలో చల్లబడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు, నా కౌంటర్‌కే వచ్చారు. లోపల తేమ పట్టి బోర్డు పోతుంది.

ప్రశ్న: ఖైరతాబాద్ గణపతిని మా అన్నయ్య తన ఐఫోన్‌లో వీడియో తీసి నాకు ఎయిర్‌డ్రాప్ చేశాడు. నా ఐఫోన్ గ్యాలరీలో ఆ ఒక్క వీడియో రాగానే తెర భగ్గుమంటోంది, పక్క ఫోటోలు వెలవెలబోతున్నాయి. బార్ కదలడం లేదు.

జవాబు: అది హెచ్‌డీఆర్ వీడియో, అంటే వెలుగునీడల తేడాను మామూలు కంటే ఎక్కువగా పట్టి చూపించేది. 2020లో వచ్చిన ఐఫోన్ 12 నుంచి వీడియోలు డాల్బీ విజన్ హెచ్‌డీఆర్‌లో తీసుకోవచ్చు. అలాంటి వీడియో వచ్చినప్పుడు తెర మామూలు కంటే ఎక్కువ వెలిగి, దీపాల్లాంటి చోట్లను నిజంగా మెరిపిస్తుంది. గణపతి చుట్టూ ఉండేవన్నీ సీరియల్ లైట్లే కాబట్టి మీకు మరీ కొట్టొచ్చినట్టుంది. సెట్టింగ్స్‌లో ఫోటోస్‌కి (కొత్త ఐఓఎస్‌లో ఆప్స్ కింద ఉంటుంది) వెళ్లి వ్యూ ఫుల్ హెచ్‌డీఆర్ ఆపి చూడండి, నిదానించవచ్చు. ఇకముందు తీసేవి మామూలుగా రావాలంటే అన్నయ్య ఫోన్‌లో కెమెరా సెట్టింగుల్లో రికార్డ్ వీడియో దగ్గర హెచ్‌డీఆర్ వీడియో ఆపమనండి. నిమజ్జనం వీడియో మాత్రం ఆపకుండానే తియ్యమనండి, రాత్రి ట్యాంక్‌బండ్ లైట్లు అందులో బాగుంటాయి.