నాయిన ఏమన్నాడో తర్వాత, అమ్మను చూశారా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నేను నల్గొండలో టీచర్‌ని. నాయిన పోయే ముందురోజు "బోరున్న బత్తాయి తోట పెద్దోడికే" అన్నాడు. నా చెవులతో విన్నాను. తమ్ముడేమో "చెరిసగం అన్నాడు" అని పిల్లల మీద ఒట్టేస్తున్నాడు. ఎనిమిది నెలలుగా ఆ ఇంటితో మాటల్లేవు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. అమ్మ వాడి దగ్గరే ఉంటోంది, వచ్చే నెల కంటి ఆపరేషన్ ఉందట. బ్రెయిన్ మ్యాపింగ్ చేయిస్తే అబద్ధం ఎవరిదో తేలుతుందా?

జవాబు: తేలదు. మనిషి ఒప్పుకోకుండా అలాంటి పరీక్షలు చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. అయినా ఇద్దరిలో అబద్ధమాడేవాడే లేకపోతే మిషన్ ఎవరిని పట్టుకుంటుంది?

జ్ఞాపకం అనేది బీరువాలో దాచిన పట్టా పాసుపుస్తకం కాదు. తలచుకున్నప్పుడల్లా మెదడు దాన్ని మళ్లీ అల్లుతుంది, తర్వాత విన్న మాటల్ని కూడా అందులో కలిపేస్తుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే అమెరికా పరిశోధకులు విద్యార్థులకు కార్ల యాక్సిడెంట్ ఫిల్మ్ చూపించారు. "కార్లు తగిలినప్పుడు స్పీడు ఎంత?" అని కొందరిని, "గుద్దుకుని నుజ్జయినప్పుడు ఎంత?" అని ఇంకొందరిని అడిగారు. నుజ్జు అన్న మాట విన్నవాళ్లు స్పీడు ఎక్కువ చెప్పారు. వారం తర్వాత అద్దం పగిలిందా అంటే, పగిలిందన్నవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. ఫిల్మ్‌లో పగిలిన అద్దమే లేదు.

ఒక్క మాటకే అట్లయితే, రోజూ అన్నం దగ్గర ఇదే ముచ్చట నడిచే ఇంట్లో ఏమవుతుంది? బామ్మర్దులు కూడా తలా ఒక మాట వేసే ఉంటారు. మా నాయినమ్మ పోయినప్పుడు పక్కనే ఉన్నానని నేను ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. ఆ రోజు నేను హాస్టల్లో ఉన్నానని మా అక్క తేల్చింది.

సరే, అది వదిలేయండి. మీ ఉత్తరమంతా తోట గురించే. అమ్మ గురించి ఒక్క వాక్యం, అది కూడా "ఉందట". కన్నతల్లి ఆపరేషన్ సంగతి ఎవరో చెప్తే తెలిసిందన్నమాట. తమ్ముడితో మాటలు బందు పెట్టారు, అమ్మతో ఎందుకు పెట్టారు? వాడి వైపు ఉందనా? ఆమె ఎవరి వైపూ లేదు, అన్నం పెట్టే ఇంట్లో ఉంది.

తోట మీ నాయిన స్వార్జితమై, వీలునామా రాయకుండా పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో, ఆడబిడ్డలతో సమానంగా ఆమెకూ వాటా ఉంది. పెద్దోడికా, చెరిసగమా అని కొట్లాడుకునే మీ ఇద్దరి లెక్కలోనూ ఆమె లేదు. మీ నిద్ర కంటే నాకు ఇదే ఎక్కువ బాధగా ఉంది.

అట్లని ఆమెను సాక్షిగా నిలబెట్టి, నాయిన ఏమన్నాడో చెప్పమనకండి. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఆ రోజును మీకోసం మళ్లీ తవ్వుకోవాలా?

ఈ ఆదివారం దేవరకొండ బస్సెక్కండి. తమ్ముడు ఇంట్లో ఉన్నా లోపలికి పోండి. తోట మాట ఎత్తొద్దు. ఆపరేషన్ రోజు పక్కన ఎవరుంటారో, ఆ తర్వాత పూటపూటకూ కంట్లో చుక్కలు ఎవరు వేస్తారో మాట్లాడండి. బడికి సెలవు చీటీ ఇప్పుడే రాసి పెట్టుకోండి.